మానవభారమాపనము : బెల్లంపల్లి ప్రాంతము నిదర్శనముగా

భూదేవి తనపై మోపబడిన భారమును సహింపజాలక బ్రహ్మకడ మొఱపెట్టుకొనిన కథ మన పురాణములలో సుప్రసిద్ధము. అయితే ఆ భారము దేనివలన గలిగినదను విషయమున నన్ని కథలును నొక్కమాట చెప్పవు. వ్యాసభారతమున ద్రోణపర్వమునందలి మృత్యూత్పత్తి కథలో ప్రాణులకు చావు లేకపోవుటచే వాని సంఖ్య మితిమీఱి భూమి క్రుంగినది. భాగవత దశమస్కంధారంభమున నట్లు గాదు. అచట భూమిని బాధించినది జనసంఖ్య గాదు. రాజవేషధారులైన దైత్యుల దర్పమును, వారి సేనాసమూహములును. మొదటి కథలో నెందఱున్నారనునది ప్రశ్న. రెండవ కథలో నెవరు, ఎట్లు, ఎంత మోపుచున్నారనునది ప్రశ్న.

భూగోళశాస్త్రజ్ఞులు రెండు శతాబ్దములుగా మానవుడు ప్రకృతిపై మోపు భారమును గూర్చి చేయుచున్న విచారమంతయు నీ రెండు ప్రశ్నల నడుమనే సంచరించుచున్నదని చెప్పవచ్చును. ఈ విచారము వట్టి పాండిత్యవినోదము గాదు. ఒక మండలమున భారము మితిమీఱినదని లెక్క తేలినచో, ఆ లెక్కను బట్టి యచటి జనులను కదలించుట, అడవికి హద్దురాళ్లు పాతుట, సేద్యమును నిషేధించుట మొదలగు కార్యములు జరుగును. కావున కొలత తప్పినచో శిక్ష నిరపరాధులపై బడును. పూర్వపు ఆదిలాబాదు మండలమునకు జేరి, 2016వ సంవత్సరమున మంచిర్యాల జిల్లాలో జేర్పబడిన బెల్లంపల్లి ప్రాంతము దీనికి మంచి నిదర్శనము. ఒకే సీమయందు అడవి, గోండుల సేద్యము, బొగ్గుగని, విద్యుత్కేంద్రము దగ్గఱదగ్గఱగా నుండుటచే, ఒక్కొక్క కొలమాన మేమి చూపునో, ఏమి దాచునో యిచట స్పష్టముగా గానవచ్చును.

1. పదవిచారము

మనుష్యుని చుట్టును ఉన్న నేల, నీరు, గాలి, చెట్టుచేమలు, జంతుజాలము కలిసి పరిసరప్రకృతి. ఇటీవలి వాడుకలో పర్యావరణము. దానినుండి మనుష్యుడు తీసికొనునది యొకటి, దానిలోనికి విడుచునది యొకటి. కట్టె, ధాన్యము, నీరు, బొగ్గు, ఇసుక మొదలగునవి తీసికొనునవి. పొగ, బూడిద, మురుగు, త్రవ్విపోసిన మన్ను మొదలగునవి విడుచునవి. ఈ రెండింటి మొత్తము ప్రకృతి తిరిగి సమకూర్చుకొనగల శక్తిని మించు కొలదియు భారము హెచ్చుచున్నదందురు. కావున భారమనునది ఒంటరి సంఖ్య గాదు, ఒక నిష్పత్తి. లవము మానవుని పని, హారము ప్రకృతిశక్తి. ఈ రెండింటిలో దేనిని సరిగా కొలువకున్నను ఫలితము తప్పును.

మానవుడు భూముఖమును మార్చుచున్నాడను విషయమును విస్తరించి వ్రాసిన వారిలో అమెరికా దేశీయుడగు జార్జి పెర్కిన్స్ మార్ష్ అగ్రగణ్యుడు. ఆయన గ్రంథము 1864లో వెలువడినది. మధ్యధరా సముద్రతీరదేశములలో అడవులు నఱకబడిన పిమ్మట నేల కొట్టుకొనిపోయి సేద్యము క్షీణించిన విధమును ఆయన అందు వివరించెను. కాని యాయనది వర్ణనము, మాపనము గాదు. మాపనము క్రమముగా నేర్పడినది.

2. జనసాంద్రత

అన్నిటికంటె సులభమైన కొలత జనసాంద్రత. జనసంఖ్యను వైశాల్యముచే భాగించినచో నది తేలును. 2011 జనాభాలెక్కల ప్రకారము అప్పటి ఆదిలాబాదు జిల్లాలో చదరపు కిలోమీటరునకు 170 మంది యుండిరి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము విభజింపబడకముందు దాని సగటు 308. ఈ సంఖ్యలను మాత్రమే చూచిన వారికి ఆదిలాబాదుసీమ తేలికభారము గలదనియు, ఇంకను జనులను భరింపగలదనియు తోచును.

కాని చదరపు కిలోమీటరు లన్నియు నొక్కతీరువి గావు. కొండయు, రాతినేలయు, ప్రభుత్వపు టడవియు సేద్యమునకు రావు. కావున జనసంఖ్యను మొత్తము వైశాల్యముచే గాక సాగుభూమిచే మాత్రమే భాగించి, పోషణసాంద్రతయని మఱియొక కొలతను గల్పించిరి. అడవి హెచ్చుగా నున్న సీమలలో ఈ రెండు కొలతలకు నడుమ మిక్కిలి యంతర ముండును. నేలలందలి భేదమును గుర్తింపవలెనను బుద్ధి మనకు క్రొత్తది గాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున జనపదనివేశమును జెప్పుచు, గ్రామమునకు నూఱు కుటుంబములకు తక్కువ గాకుండ, అయిదువందలకు మించకుండ నుండవలెననియు, గ్రామసీమ క్రోశము రెండుక్రోశముల మేర నుండవలెననియు విధించెను. ఆ వెంటనే, సాగునకు రాని భూమిని పచ్చికబయళ్లకును, వనములకును విడుచు విధమును వేఱొక యధ్యాయమున జెప్పెను. జనసంఖ్యయు, నేలగుణమును గలిపి చూడవలెనను సూత్రమే అందు గర్భితమై యున్నది.

3. ధారణశక్తి

ఒక భూమి తన సారము చెడకుండ నెందఱిని పోషింపగలదో దానిని ఆ భూమి ధారణశక్తి యందురు. దీనిని సూత్రరూపమున నిలిపినవారిలో ఆఫ్రికాఖండమున ఉత్తర రొడీషియాలో (నేటి జాంబియాలో) పనిచేసిన విలియం అల్లన్ ముఖ్యుడు. కొన్ని యేండ్లు పండించి, కొన్ని యేండ్లు బీడుపెట్టి, మరల సాగుచేయు పద్ధతి గల జనుల విషయమున ఆయన లెక్క యిట్టిది. ఒక్కొక్కనికి ఏటేట సాగులో నుండవలసిన భూమిని ఆవృత్తిసంఖ్యచే గుణించి, దానిని నూఱుచే గుణించి, మొత్తము వైశాల్యములో సాగునకు దగిన భూమి శాతముచే భాగింపవలెను. వచ్చినది తలకు కావలసిన భూమి. ఆవృత్తిసంఖ్య యనగా సాగు సంవత్సరములను, బీడు సంవత్సరములను కూడి, సాగు సంవత్సరములచే భాగింపగా వచ్చునది.

బోధకొఱకు గొన్ని యంకెలను గల్పించి చూడవచ్చును. తలకు ఎకరమున్నర సాగు కావలెననుకొందము. మూడేండ్లు పండించి తొమ్మిదేండ్లు బీడు విడిచినచో ఆవృత్తిసంఖ్య 4. సీమలో సాగునకు దగినది నూటికి 40 పాళ్లు. అప్పుడు ఒకటిన్నరను నాలుగుచేతను, నూఱుచేతను గుణించి, నలుబదిచే భాగింపగా తలకు 15 ఎకరములు. చదరపు మైలునకు 640 ఎకరములు గనుక, ఆ సీమ చదరపు మైలునకు సుమారు 42 మందిని భరించును.

ఇపుడు జనులలో నొక్కడును హెచ్చలేదు, ఎవరి తిండియు పెరుగలేదు. కాని ప్రభుత్వము వచ్చి సాగునకు దగిన భూమిలో సగమును రక్షితారణ్యమని హద్దు వేసినదనుకొందము. నలుబది పాళ్లు ఇరువదియైనవి. తలకు కావలసినది 15 నుండి 30 ఎకరములకు బెరిగినది. భూమి భరింపగలవారి సంఖ్య 42 నుండి 21కి దిగినది. మిగిలిన యిరువది యొక్కరు నెచటికి బోవలెను? పోవుటకు తావు లేనిచో ఆ నలువది యిద్దఱును బీడుకాలమును తగ్గింపవలసినదే. మూడేండ్లు పంట, మూడేండ్లు బీడు. నేలకు విశ్రాంతి తక్కువగును, సారము చెడును, వాన కొట్టుకొనిపోవును. అపుడు అధికారి వచ్చి చూచి, ఈ జనులు నేలను పాడుచేయుచున్నారని వ్రాయును. వ్రాసినది కంటికి గనబడిన సత్యమే. కాని కారణము హద్దుగీత యందున్నది, నాగలియందు లేదు.

ఆదిలాబాదు గోండుల చరిత్రలో ఇట్టిదే జరిగినది. తేలిక నేలలలో కొన్ని యేండ్లు సాగుచేసి, వానిని బీడు విడిచి, వేఱుచోట దున్నుకొనుట వారి యాచారము. కొండవాలులయందు కోలాములు పోడు చేసెడివారు. నిజాము పరిపాలనకాలమున అడవులకు హద్దులేర్పడినపుడు బీడు విడిచిన భూములనేకము ఎవరివియు గావని భావింపబడి అడవిలో గలిసిపోయినవి. బీడు నేల పనిచేయుచున్న నేలయే యను సంగతి సర్వేపటమున కెక్కలేదు. ఆ కష్టములనుండియే కుమ్రం భీము నాయకత్వమున భూమికొఱకు పోరాటము పుట్టినది. 1940లో జోడేఘాటులో ఆయన పోలీసు కాల్పులలో మరణించెను. ఆ పిమ్మట నిజాము ప్రభుత్వపు ప్రోద్బలమున ఆస్ట్రియాదేశీయుడగు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫు గోండుల స్థితిని పరిశోధించెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులను తయారుచేయు శిక్షణాలయ మేర్పడినది. ఆదిలాబాదు రాజగోండులను గూర్చిన ఆయన గ్రంథము 1948లో వెలువడినది. ఆయన పరిశోధన వలన దేలినది గోండులు నేలను వృథాచేయువారని కాదు. వారి నేల వారి చేతినుండి జారిపోవుచున్నదని.

ధారణశక్తి లెక్క కొక లోపము గలదు. సీమకు నలువైపుల గోడ యున్నట్లు అది భావించును. లోపలి జనులు లోపలి పంటనే తిందురనియు, వెలుపలివారు లోనికి రారనియు, లోపలిది వెలుపలికి బోదనియు దాని యూహ. కొండపల్లెల విషయమున నిది కొంతవఱకు సరిపోవును. రైలు వచ్చిన దినమున సరిపోదు.

4. గనియు రైలును

బెల్లంపల్లి క్రిందనున్న బొగ్గు గోండ్వనశిలలలోనిది. మధ్యహిందూస్థానమునందలి గోండుల దేశనామమునే 1872 ప్రాంతమున మెడ్లికాట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ శిలాపంక్తికి బెట్టెను. దాని నుండియే దక్షిణభూఖండములన్నియు నొకప్పుడు కలిసియుండిన మహాఖండమునకు గోండ్వానాయను పేరు గలిగినది. ఒక వనవాసిజాతి పేరు ప్రపంచ భూగర్భశాస్త్రమున శాశ్వతముగా నిలిచినది. ఆ జాతికి కాళ్లక్రింది నేలపై పట్టా దొరకుట మాత్రము దుర్లభమైనది.

గోదావరీలోయలో ఇల్లెందు ప్రాంతమున బొగ్గున్నదని 1871లో విలియం కింగ్ కనుగొనెను. 1886లో ఇంగ్లండున నేర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కులను బొందెను. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీసు కంపెనీ ఏర్పడినది. కాజీపేట బల్లార్షాల నడుమ రైలుమార్గము 1929 నాటికి పూర్తియైనది. సుమారు ఆ కాలముననే బెల్లంపల్లిలో గనులు తెఱవబడినవి. ఆ దినమునుండి ఈ సీమ భారము దాని సొంత జనుల భారము మాత్రమే గాదు.

భూగోళశాస్త్రజ్ఞుడు గనిని చూచునపుడు బొగ్గును మాత్రమే లెక్కింపడు. భూగర్భగనులలో పైకప్పు కూలకుండ నిలుపుటకు చాలకాలము కఱ్ఱదిమ్మెలను వాడిరి. అవి యడవినుండి వచ్చినవి. బొగ్గు తీసిన ఖాళీని నింపుటకు ఇసుక కావలెను. అది గోదావరినుండి వచ్చినది. గనిలో నూఱు నీటిని నిరంతరము తోడిపోయవలెను. దానివలన చుట్టుపట్ల బావులలో నీటిమట్టము దిగవచ్చును. కాలక్రమమున పైనుండియే త్రవ్వు ఓపెన్‌కాస్టు గనులు ప్రబలినవి. ఇందు కఱ్ఱయు నిసుకయు నక్కఱలేదు. కాని బొగ్గుపైనున్న మన్నును రాతినంతయు తీసి గుట్టలుగా పోయవలెను. ఒక టన్ను బొగ్గునకు ఎన్ని ఘనమీటర్ల మన్ను తీయవలసివచ్చునో ఆ నిష్పత్తియే ఓపెన్‌కాస్టు గని నేలపై మోపు భారమునకు మూలసంఖ్య.

ఇచట జనసాంద్రత యెంత మోసము చేయునో చూడదగును. 1990 ప్రాంతమున సింగరేణిలో లక్షకు బైగా కార్మికులుండిరి. ఏటికి తీసిన బొగ్గు రెండుకోట్ల టన్నులకు లోపు. 2023–24లో కార్మికులు సుమారు నలుబదివేలు; బొగ్గు సుమారు 7 కోట్ల టన్నులు. అనగా తలకు తీయు బొగ్గు దాదాపు పదింతలైనది. బెల్లంపల్లి పట్టణములోని భూగర్భగనులు మూతబడి, ఏరియా కార్యాలయము గోలేటికి తరలి, కార్మికకుటుంబములు పలువైపుల కేగినవి; ఖైరాగూడ మొదలగు చోట్ల ఓపెన్‌కాస్టు గనులు విస్తరించినవి. జనులు తగ్గిరి, త్రవ్వకము పెరిగినది. సాంద్రతాపటమును మాత్రమే చూచువానికి భారము తగ్గినట్లు తోచును. నేల చెప్పునది దానికి విరుద్ధము.

5. మూడు గుణకముల సూత్రము

1970ల యారంభమున అమెరికాలో నీ విషయమై గొప్ప వాదము నడచినది. పాల్ ఎర్లిక్, జాన్ హోల్డ్రెన్ అనువారు జనసంఖ్యకు ప్రాధాన్యమిచ్చిరి. బారీ కామనర్ అను వృక్షజీవశాస్త్రజ్ఞుడు యంత్రవిధానములలోని మార్పే ముఖ్యకారణమని వాదించెను. ఆ వాదమునుండి ప్రసిద్ధమైన సూత్ర మొకటి నిలిచినది. ప్రకృతిపై పడు భారము మూడు గుణకముల లబ్ధము: జనసంఖ్య, తలకు భోగము, భోగపు మాత్ర యొక్కటికి ప్రకృతిలో గలుగు హాని. మూడవ గుణకము యంత్రవిధానమును బట్టి యుండును.

బెల్లంపల్లికి దీనిని వర్తింపజేసినచో సూత్రపు గుణమును దోషమును రెండును దెలియును. గుణమేమనగా, జనులు తగ్గియు భారము పెరుగుట యెట్లో అది చెప్పగలదు: మొదటి గుణకము తగ్గినను, యంత్రములు మాఱుటచే మూడవది పెరిగినది. దోషమేమనగా, ఎచటి జనులను, ఎవరి భోగమును లెక్కింపవలెనో అది చెప్పదు. బెల్లంపల్లి బొగ్గు బెల్లంపల్లి పొయ్యిలలోనే కాలుచున్నదా? మొదటి రెండు గుణకములు వేఱొక నగరమున నుండి, మూడవది యిచట నున్నచో, లబ్ధము నే యూరి పేర వ్రాయవలెను?

6. పటముల సాక్ష్యము, నేల సాక్ష్యము

ఎవరు మోపుచున్నారను ప్రశ్నకు ముందు, ఎచట నెంత మార్పు గలిగినదో నిర్ణయింపవలెను. దీనికి మొదటి సాధనము పాత పటములు. భారతసర్వే వారి డిగ్రీపటములలో బెల్లంపల్లి 56 ఎమ్ అను పటమునకు జేరును. వేర్వేఱు కాలముల ముద్రణలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో అడవిహద్దు వెనుకకు జరుగుటయు, క్రొత్తబాటలును, క్రొత్తపల్లెలును గానవచ్చును.

రెండవ సాధనము ఆకాశమునుండి తీసిన చిత్రములు. 1972లో అమెరికావారి లాండ్‌శాటు ఉపగ్రహమును, 1988 మార్చి 17న భారతదేశపు ఐ.ఆర్.ఎస్. 1ఎ ఉపగ్రహమును ప్రయోగింపబడిన తరువాత, ఒకే చోటిని మరల మరల చిత్రించుట సాధ్యమైనది. పచ్చని యాకు ఎఱ్ఱని వెలుగును మ్రింగి, కంటికి గనబడని పరారుణకాంతిని చాలభాగము త్రిప్పి పంపును. కావున పరారుణకాంతినుండి ఎఱ్ఱకాంతిని తీసివేసి, ఆ శేషమును రెండింటి మొత్తముచే భాగించినచో పచ్చదనపు సూచిక దేలును. ఉదాహరణమునకు దట్టమైన యడవిలో పరారుణము 50, ఎఱుపు 8 యైనచో సూచిక సుమారు 0.72, గనిమన్ను గుట్టపై 25, 20 యైనచో 0.11. ఇట్లు ఊరూర దిరుగకయే వేలకొలది చదరపు కిలోమీటర్ల స్థితిని పోల్చి చూడవచ్చును.

అయినను ఈ కంటికిని భ్రాంతి గలదు. ఆదిలాబాదు అడవులలో ప్రధానవృక్షము టేకు. అది వేసవికి ఆకురాల్చును. నవంబరుచిత్రమును మఱుసటి యేప్రిలుచిత్రముతో బోల్చినవాడు, ఒక్క గొడ్డలియు పడకపోయినను, అడవి సగము మాయమైనదని చెప్పును. కావున ఒకే మాసపు చిత్రములనే పోల్చవలెను. ఆ యేటి వర్షమునుగూడ చూడవలెను. మఱియొక భ్రాంతి దీనికి విపరీతమైనది. గనిమన్ను గుట్టలపై నాటిన నీలగిరితోటయు, నూఱేండ్ల మిశ్రారణ్యమును సూచికలో దగ్గఱగా నుండవచ్చును. పచ్చదన మొక్కటియే, లోనున్న పక్షులు, తీగలు, దుంపలు, మందుమొక్కలు ఒక్కటి గావు. ఇప్పచెట్టు ఒకటి పోయి నీలగిరి ఒకటి వచ్చినచో ఉపగ్రహము లెక్కలో నష్టము లేదు. గోండుపల్లె లెక్కలో నున్నది.

అందువలన నేల సాక్ష్యమును దీసికొనవలెను. బావుల నీటిమట్టమును వానలకు ముందొకమాఱు, తరువాత నొకమాఱు కొలుతురు. అనేక సంవత్సరముల లెక్కలో వేసవిమట్టము క్రమముగా దిగుచున్నచో భారము స్థిరపడినట్లు. గాలిలోని సన్నని ధూళిని వడపోసి తూతురు. పది మైక్రానులకు లోపలి ధూళికణములకు భారతదేశమున 2009లో విధించిన వార్షిక పరిమితి ఘనమీటరునకు 60 మైక్రోగ్రాములు. భూగర్భగనులపై నేల క్రుంగుటను స్థిరస్తంభములు పాతి మట్టపుకొలతలచే గనిపెట్టుదురు. వీనితోపాటు పల్లెటూరి ముసలివారి జ్ఞాపకమును గూడ సాక్ష్యముగా గ్రహింతురు. ఏ చెలిమ యెప్పుడెండినది, కట్టెలకు పూర్వమెంత దూరము పోయెడివారు, ఇపుడెంత దూరము పోవుచున్నారు—ఈ ప్రశ్నల కుత్తరము పటములలో దొరకదు. కట్టెలకు నడచు దూరము స్త్రీల పాదములతో గొలువబడిన భారసూచికయే.

7. ప్రపంచ లెక్కలు

ప్రపంచమునంతటిని ఒక్క సంఖ్యలో నిముడ్చుటకును యత్నములు జరిగినవి. భూమిపై చెట్టుచేమలు ఏటేట సూర్యకాంతితో సమకూర్చు సారములో మానవుడు తనకై యెంత లోబఱచుకొనుచున్నాడో 1986లో పీటర్ విటూసెక్ మొదలగువారు లెక్కించి, నూటికి దాదాపు 40 పాళ్లనిరి. 2007లో హెల్ముట్ హాబెర్ల్ మొదలగువారు దానినే నిర్వచనము మార్చి లెక్కింపగా నూటికి సుమారు 24 పాళ్లు వచ్చినది. రెండును శ్రద్ధతో జేసిన లెక్కలే. లోబఱచుకొనుట యను మాటకు చెప్పుకొనిన యర్థమును బట్టి సంఖ్య మాఱినది. శబ్దార్థనిర్ణయము వైయాకరణులకే గాక గణకులకు నావశ్యకమని యిందువలన దెలియుచున్నది.

2002లో ఎరిక్ శాండర్సన్ మొదలగువారు జనసాంద్రత, నేలవాడుకలోని మార్పు, బాటలచేతను నదులచేతను గలుగు ప్రవేశసౌకర్యము, రాత్రిదీపముల కాంతి అను నాలుగింటిని గూర్చి మానవపాదముద్రాపటమును రచించిరి. భూతలమున నూటికి 83 పాళ్లు ఏదో యొక విధమైన మానవస్పర్శకు లోనైనదని వారి నిర్ణయము. కాని ఆ పటములో పాదము పడినచోటు కనబడును గాని పాదమెవరిదో కనబడదు. ఆ కొఱతను దీర్చుటకై 1990లలో విలియం రీస్, మేతిస్ వాకర్‌నాగెల్ అనువారు వేఱొక లెక్కను గల్పించిరి. ఒక నగరవాసులు తిను ధాన్యము, కట్టు బట్ట, వాడు కఱ్ఱ, విడుచు పొగ—వీని నన్నిటిని భరించుటకు ప్రపంచమున నెక్కడెక్కడ నెంత నేల పనిచేయుచున్నదో కూడుదురు. ఇది చోటు లెక్క గాదు, అనుభవించువాని లెక్క.

ఈ రెండవ లెక్కను బెల్లంపల్లి ప్రాంతమునకు వర్తింపజేసి చూడవచ్చును. మంచిర్యాల జిల్లా జైపూరులో 2016లో పనికి వచ్చిన సింగరేణి తాపవిద్యుత్కేంద్రపు శక్తి 1,200 మెగావాట్లు. పూర్తిశక్తితో నడచిన దినమున అది 2 కోట్ల 88 లక్షల యూనిట్ల నిచ్చును. యూనిట్టునకు సుమారు 650 గ్రాముల బొగ్గు చొప్పున దినమునకు 18,720 టన్నులు. అనగా దాదాపు అయిదు గూడ్సుబండ్ల బొగ్గు. టన్నునకు ఆఱు ఘనమీటర్ల మన్ను తీయవలెననుకొన్నచో, ఎక్కడనో యొకచోట దినమునకు లక్షకు మించి ఘనమీటర్ల మన్ను గుట్టలకెక్కవలెను.

ఈ విద్యుత్తు ఎందఱికి చాలును? గృహములు, కర్మాగారములు, సేద్యము అన్నిటిని గలిపి భారతదేశమున 2022–23లో తలకు సుమారు 1,300 యూనిట్లు ఖర్చైనవి. ఏడాదిపొడుగున పూర్తిశక్తితో నడచినచో ఆ కేంద్రము సుమారు 1,050 కోట్ల యూనిట్ల నిచ్చును. అది దాదాపు ఎనుబది లక్షల మంది పాలు. మంచిర్యాల జిల్లాలో 2011 లెక్కల ప్రకారము జనులు సుమారు ఎనిమిది లక్షలు. అనగా జిల్లాజనుల కంటె పదింతల మంది దీపముల భారమును ఆ యొక్క కేంద్రము మూలముననే ఈ నేల మోయుచున్నది. రామగుండములోని 2,600 మెగావాట్ల కేంద్రమును ఇందు జేర్పనేలేదు.

8. ఫలితము

ఇంతవఱకు జెప్పిన కొలతలలో నేదియు నబద్ధము గాదు. ఒంటరిగా నేదియు చాలదు. జనసాంద్రత తలలను లెక్కించును, చేతులను లెక్కింపదు. ధారణశక్తి నేలను లెక్కించును, హద్దుగీతను ప్రకృతిసిద్ధమని భ్రమించును. ఉపగ్రహచిత్రము మార్పును జూపును, కర్తను జూపదు. పాదముద్ర లెక్క కర్తను జూపును, కాని యెండిన బావి యే యూరిదో చెప్పదు. కావున ఒక సీమను గూర్చి నిర్ణయము చేయువారు రెండు పద్దులను వేర్వేఱుగా వ్రాయవలెను: భారము పడుచున్న చోటు ఒక పద్దు, భారము మోపుచున్నవారు మఱియొక పద్దు. ఈ రెండును గలిపివేసినచో, ఎవని గుమ్మమునొద్ద గుంత యున్నదో వాడే త్రవ్వినట్లు తీర్పు వచ్చును.

ఈ భేదము నేటి కార్యములయందును గలదు. 2006లో పార్లమెంటు చేసిన అటవీహక్కుల చట్టము 2005 డిసెంబరు 13వ తేదీకి ముందునుండి అడవిభూమిని సాగుచేసికొనుచున్న గిరిజనుల హక్కును అంగీకరించినది. 2012లో జన్నారము ప్రాంతపు కవ్వాల అభయారణ్యము పులుల సంరక్షణకేంద్రమైనది. పులికి నిశ్శబ్దమైన యడవి కావలెను. గోండునకు నేల కావలెను. నగరమునకు దీపము కావలెను. మూడును న్యాయమైన కోరికలే. కాని అడవి సన్నగిల్లినదను లెక్క వచ్చినపుడు మొదట లేవదీయబడునది ఎవరి గుడిసె, చివఱకు తగ్గింపబడునది ఎవరి దీపము—అనునది కొలతపద్ధతిని బట్టి మాఱును.

పాఠశాలలలో భూగోళము బోధించువారు ఈ విషయమును పుస్తకముననే గాక చేతితో నేర్పవచ్చును. విద్యార్థి తన యూరి బావుల మట్టమును వేసవిలోను, కార్తికమాసములోను కొలిచి వ్రాసికొనవచ్చును. తన యింట కాలిన కట్టెల బరువును, విద్యుత్తుబిల్లులోని యూనిట్లను ఏడాదిపాటు కూడవచ్చును. ఆ యూనిట్లను పైని జెప్పినట్లు బొగ్గుగను, మన్నుగను మార్చి చూడవచ్చును. నెలకు నూఱు యూనిట్లు తాపవిద్యుత్తు వాడు నింటిపేర 65 కిలోల బొగ్గు, దానిపైనుండి దీసిన సుమారు 400 లీటర్ల పరిమాణముగల మన్ను లెక్కకు వచ్చును. తన దీపమున కెక్కడనో యొక గుంత యున్నదని తెలిసినవాడు ఆ గుంతప్రక్క నివసించువారిని నిందించుటకు తొందరపడడు.

మృత్యూత్పత్తి కథలో బ్రహ్మ ప్రాణుల సంఖ్యను తగ్గింపదలచెను. భాగవతకథలో దేవుడు సంఖ్యను జూడలేదు. భారమెవరివలన గలిగినదో విచారించెను. భూగోళశాస్త్రము మొదటి కథతో నారంభమై రెండవకథవైపు నడచుచున్నది. ఆ నడకకు కావలసిన నిదర్శనములన్నియు, అడవియు, గుట్టయు, గనియు, దీపమును, బెల్లంపల్లి చుట్టును కొలదిమైళ్లలో నున్నవి.